రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదా? కరెంటు ఎక్కడ ఆగిందో పట్టుకునే పద్ధతి

సిగ్నల్ దగ్గర ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతుంది. బండి కదిలి వేగం అందుకోగానే మళ్లీ కిందికి దిగుతుంది. ఇంజిన్ ఇలా చేస్తుంటే మొదటి అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదికే పోవాలి. 60 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఫ్యాన్‌తో పని పడేది బండి ఆగినప్పుడూ, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడూ, ఏసీ వేసినప్పుడూ. హైవే మీద కూడా వేడెక్కుతుంటే దారి వేరు: కూలెంట్ లీకు, థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ పూడిక, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఫ్యాన్ తిరగలేదనగానే మోటారు మార్చేయడం, లేదా డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెట్టి 'డైరెక్ట్' ఇచ్చేయడం చాలా షెడ్లలో మామూలే. రెండూ ఊహ మీద చేసే పనులే. అసలు లోపం తుప్పు పట్టిన ఎర్త్ బోల్టులోనో (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే చోటు), కాలిన రిలేలోనో (సన్నటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉంటే కొత్త మోటారు కూడా తిరగదు. డైరెక్ట్ స్విచ్ పెడితే, దాన్ని వేయడం మరిచిపోయిన రోజున హెడ్ గ్యాస్కెట్ పోతుంది. వరుసగా కొలుచుకుంటూ వెళ్తే లోపం ఎక్కడుందో గంటలోపే తేలిపోతుంది.

కింద చెప్పినది 12 వోల్టుల పెట్రోల్, డీజిల్ కార్లలో ఎక్కువగా కనిపించే అమరిక గురించి: ఒక ఫ్యాన్ మోటారు, దానికో రిలే, ఆ రిలేను నడిపే ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్). రెండు స్పీడుల ఫ్యాన్లు, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉన్న ఫ్యాన్ల సంగతి తరువాత వస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు. అది హై వోల్టేజ్. లారీల్లో, పాత జీపుల్లో ఇంజిన్‌కే బిగించి బెల్టుతో తిరిగే ఫ్యాన్‌కు కరెంటుతో పని లేదు కాబట్టి ఈ పరీక్షలు దానికి వర్తించవు.

సర్క్యూట్‌లో రెండు దారులు

మొదటిది పవర్ దారి. బ్యాటరీ పాజిటివ్ నుంచి మెయిన్ ఫ్యూజు, అక్కడి నుంచి ఫ్యాన్ ఫ్యూజు (సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లు), రిలే 30వ నంబరు కాలు, రిలే లోపలి కాంటాక్టు, 87వ కాలు, లావు వైరు, ఫ్యాన్ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), మోటారు, ఎర్త్ వైరు, బాడీ బోల్టు, చివరికి బ్యాటరీ నెగటివ్. ఈ దారిలో చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో 8 నుంచి 12 ఆంపియర్లు, పెద్ద కార్లలో 15 నుంచి 25 ఆంపియర్ల దాకా పారుతుంది. మోటారు స్టార్టయ్యే క్షణంలో అంతకు రెండు మూడింతలు లాగుతుంది.

రెండోది కంట్రోల్ దారి. రిలేలో 86, 85 కాళ్ల మధ్య సన్నటి కాయిల్ ఉంటుంది. ఇగ్నిషన్ వేయగానే ఒక కాలికి 12 వోల్టులు వస్తాయి. రెండో కాలికి ఈసీయూ ఎర్త్ ఇస్తేనే కాయిల్ లాగుతుంది, కాంటాక్టు కలుస్తుంది. ఈ దారిలో పారేది సుమారు 0.15 ఆంపియరే. ఎర్త్ ఎప్పుడివ్వాలో ఈసీయూ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌నూ ఏసీ ప్రెషర్ సెన్సర్‌నూ చూసి తేల్చుకుంటుంది. పాత కార్లలో ఈసీయూ బదులు రేడియేటర్‌కే బిగించిన థర్మో స్విచ్ ఉంటుంది. 92–97 డిగ్రీల దగ్గర అది కలిసి రిలేను నడుపుతుంది.

కొన్ని కార్లలో రిలే పాజిటివ్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. అలాంటి బండిలో ఫ్యాన్ ఆగి ఉన్నా కప్లర్‌లో 12 వోల్టులు కనిపిస్తూనే ఉంటాయి. అందుకే మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దొరికితే ముందు ఒకసారి చూడండి.

దగ్గర ఉంచుకోవలసినవి

డిజిటల్ మల్టీమీటర్, ఎల్ఈడీ టెస్ట్ ల్యాంప్, రెండు వైర్లు సోల్డర్ చేసిన 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో చేసిన జంపర్, అంటే రెండు చోట్లను నేరుగా కలిపే వైరు (మధ్యలో ఫ్యూజు హోల్డర్ తప్పనిసరి), కాంటాక్ట్ క్లీనర్, వైర్ బ్రష్. ఓబీడీ సాకెట్‌కు (ఈసీయూ సమాచారం చదివే సాకెట్) పెట్టి ఫోన్‌లో చూసుకునే చిన్న బ్లూటూత్ అడాప్టర్ ఉంటే సగం శ్రమ తగ్గుతుంది.

ఫ్యాన్ కరెంటు కొలవాలంటే డీసీ క్లాంప్ మీటర్ కావాలి. ఇళ్ల వైరింగ్‌కు వాడే చవక క్లాంప్ మీటర్లు చాలావరకు ఇళ్లకు వచ్చే ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటునే చూపిస్తాయి. కారు వైరు చుట్టూ పెడితే సున్నా చూపించి దారి తప్పిస్తాయి. మల్టీమీటర్‌లోని 10 ఆంపియర్ల పోర్టులోంచి ఫ్యాన్‌ను నడపాలని చూడొద్దు. స్టార్టయ్యే దెబ్బకే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఇంజిన్ ఆపినా, కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ దానంతట అదే తిరగొచ్చు. రెక్కల్లో చెయ్యి పెట్టే ప్రతిసారీ కప్లర్ పీకేయండి, లేదా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చున్నీ, కండువా, వదులు చేతులు దగ్గరికి రానివ్వొద్దు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. లోపలి ఒత్తిడి వల్లనే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైతే ఆ క్షణమే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

మొదటి మెట్టు: లక్షణాన్ని సరిగ్గా రాసుకోండి

'ఫ్యాన్ పనిచేయడం లేదు' అంటే చాలదు. అసలు తిరగడం లేదా? ఏసీ వేస్తే తిరిగి, ఇంజిన్ వేడికి తిరగడం లేదా? నెమ్మదిగా తిరుగుతోందా? ఆలస్యంగా, ఒక్కసారిగా పెద్ద హోరుతో మొదలవుతోందా? తాళం తీసినా ఆగడం లేదా? గతుకుల్లో ఆగి మళ్లీ వస్తోందా? వీటిలో ఒక్కోదానికి కారణం ఒక్కో చోట ఉంటుంది. ఈ మధ్య బండికి ఏం జరిగిందో కూడా అడగండి. ఇంజిన్ వాటర్ వాష్, వర్షపు నీటిలో దిగడం, ముందువైపు గుద్దుకోవడం, సీఎన్‌జీ కిట్ బిగింపు, కొత్త హారన్, ఫాగ్ ల్యాంపులు: వీటిలో ఏది ఉన్నా ముందు అక్కడ చూడాలి.

రెండో మెట్టు: కంటితో, చేత్తో

కప్లర్ పీకి రెక్కను చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగి, వదిలాక కొంచెం జారి ఆగాలి. బిగుసుకుపోయి ఉన్నా, గరగరమన్నా బుష్ గానీ బేరింగ్ గానీ పోయినట్టే. మోటారు షాఫ్ట్‌ను పైకీ కిందికీ కదిపి ఆట ఉందేమో చూడండి.

తరువాత కప్లర్ లోపల చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కరిగినా, పిన్ను మీద పచ్చటి తుప్పు ఉన్నా లోపం దాదాపు దొరికినట్టే. పిన్ను వదులైతే అతుకు దగ్గర నిరోధం పెరుగుతుంది. 0.1 ఓమ్ అంటే ఏమీ కాదనిపిస్తుంది. కానీ అందులోంచి 12 ఆంపియర్లు పారితే 1.2 వోల్టులు అక్కడే పోతాయి, 14 వాట్లకు పైగా వేడి ఆ చిన్న పిన్ను దగ్గరే పుడుతుంది. ప్లాస్టిక్ కరిగేది ఇందుకే.

వైరింగ్‌ను రేడియేటర్ పక్క నుంచి ఫ్యూజు బాక్సు దాకా వేలితో తడుముతూ వెళ్లండి. రోజులు ఇంటి ముందే నిలిపి ఉంచే బండ్లలో ఎలుకలు కొరికిన వైర్లు మామూలే. ఇన్సులేషన్ మీద పంటిగాట్లు, బ్యాటరీ ట్రే కింద చెత్త కనిపిస్తే జాగ్రత్తగా వెతకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నడిచే బండ్లకు ఎర్త్ బోల్టు తుప్పు ఇంకా ఎక్కువ.

మూడో మెట్టు: ఏసీ పరీక్ష

ఖర్చు లేకుండా సర్క్యూట్‌ను రెండుగా చీల్చే పరీక్ష ఇది. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్లోయర్ పెట్టి, ఏసీ వేయండి. చాలా కార్లలో కంప్రెసర్ కలవగానే, లేదా కొద్ది సెకన్లకే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి.

ఏసీ వేస్తే తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే ఒక్క ఫ్యాన్ ఉన్న బండిలో ఫ్యూజు, రిలే, మోటారు, ఎర్త్ అన్నీ బాగున్నట్టే. లోపం టెంపరేచర్ సెన్సర్ వైపు ఉంది. నేరుగా తొమ్మిదో మెట్టుకు వెళ్లండి. రెండింటికీ తిరగకపోతే పవర్ దారి గానీ రిలే కాయిల్ దారి గానీ తెగింది. వరుసగా కిందికి రండి.

ఒక మెలిక ఉంది. ఏసీలో గ్యాస్ తగ్గిపోతే ప్రెషర్ సెన్సర్ కంప్రెసర్‌ను కలవనివ్వదు. కంప్రెసర్ రాకపోతే ఫ్యాన్ కూడా రాకపోవచ్చు. కాబట్టి కంప్రెసర్ 'టక్'మని కలిసిందో లేదో విన్నాకే ఈ పరీక్ష ఫలితం నమ్మండి. రెండు ఫ్యాన్లు ఉన్న బండిలో ఏసీకి తిరిగింది ఏ ఫ్యానో కూడా చూసుకోవాలి.

నాలుగో మెట్టు: ఫ్యూజు

ఫ్యూజు బాక్సు మూత లోపలి బొమ్మ చూసి ఫ్యాన్ ఫ్యూజు గుర్తించండి. పీకి కంటితో చూడడం చాలదు. లోహం సన్నగా పగిలి ఉంటే కనిపించదు. ఫ్యూజు దాని స్థానంలోనే ఉండగా, టెస్ట్ ల్యాంప్ క్లిప్పును బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, దాని మొనను వీపు మీద కనిపించే రెండు లోహపు చుక్కలకూ ఒక్కొక్కటిగా ఆనించండి. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు బాగుంది. ఒక వైపే వెలిగితే ఫ్యూజు పోయింది. రెండు వైపులా వెలగకపోతే పైనున్న మెయిన్ ఫ్యూజు చూడండి. కొన్ని బండ్లలో ఇగ్నిషన్ వేస్తే గానీ అక్కడికి కరెంటు రాదు, అదీ గుర్తుంచుకోండి.

రంగు చూసి ఫ్యూజు కొనొద్దు. మామూలు బ్లేడ్ ఫ్యూజుల్లో ఆకుపచ్చ అంటే 30 ఆంపియర్లు. డబ్బా ఆకారంలో ఉండే జేకేస్ ఫ్యూజుల్లో అదే ఆకుపచ్చ 40. మీద ముద్రించిన అంకె చదవండి.

పోయిన ఫ్యూజు మార్చగానే మళ్లీ పోతే కారణం వెతకాలి. ఫ్యాన్ కప్లర్ పీకి కొత్త ఫ్యూజు వేసి, రిలేను నడిపించి చూడండి. ఫ్యూజు నిలబడితే తప్పు మోటారుది: బిగుసుకుపోయిన మోటారు తిరగలేక కరెంటును విపరీతంగా లాగుతుంది. కప్లర్ పీకినా పోతుంటే మధ్య వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఎన్నో నెలలకు ఒకసారి, అదీ ఎండాకాలంలో పోతుంటే మోటారు బుష్ ఎండిపోయి ఎక్కువ కరెంటు లాగుతోందని అనుమానించండి. 30 ఉన్న చోట 40 వేస్తే ఫ్యూజు పోవడం ఆగుతుంది. దాని బదులు వైరు కాలుతుంది.

ఐదో మెట్టు: ఫ్యాన్ కప్లర్ దగ్గర

అసలైన కొలత ఇక్కడే ఉంది, చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. కప్లర్ పీకి, హార్నెస్ (బండి వైర్ల కట్ట) వైపు మీటర్ పెట్టి 12.4 వోల్టులు చూసి 'కరెంటు వస్తోంది, మోటారే పోయింది' అంటారు. మీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా. ఇరవై పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్‌కు నిండు వోల్టేజే కనిపిస్తుంది. ఫ్యాన్ 10 ఆంపియర్లు అడిగిన క్షణంలో అది కుప్పకూలుతుంది.

కాబట్టి లోడు పెట్టి కొలవండి. పీకిన కప్లర్‌లో రెండు పిన్నుల మధ్య 55 వాట్ల బల్బు కలిపి, ఏసీ వేసి గానీ, ఓబీడీ సాకెట్‌కు పెట్టే స్కానర్‌తో గానీ ఫ్యాన్‌ను తిరగమని ఆదేశించండి. బల్బు 4.5 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అది తెల్లగా ధగధగా వెలిగి, మీటర్‌లో బ్యాటరీ వోల్టేజికి అర వోల్టు అటూ ఇటుగా ఉంటే వైరింగ్ ఆ లోడుకు నిలబడింది. అప్పుడు మోటారును అనుమానించండి. ఎర్రగా మినుకుమంటే వైరింగ్‌లోనో ఎర్త్‌లోనో నిరోధం ఉంది, ఏడో మెట్టు చూడండి. అసలు వెలగకపోతే బల్బు ఎర్త్ కొసను నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు మార్చి చూడండి. ఇప్పుడు వెలిగితే ఎర్త్ తెగింది. అప్పటికీ లేకపోతే పాజిటివ్ రావడం లేదు, రిలే దగ్గరికి వెళ్లాలి.

ఆరో మెట్టు: రిలే

అదే ఫ్యూజు బాక్సులో అదే నంబరు రిలే మరొకటి (హారన్‌దో హెడ్‌లైట్‌దో) ఉంటే అదలా బదలా చేసి చూడటం త్వరగా తేలే పరీక్ష. ఆకారం ఒకటైతే చాలదు, మీద నంబరు, లోపలి బొమ్మ కూడా ఒకటే కావాలి. కొన్ని రిలేల కాయిల్‌కు లోపల డయోడ్ ఉంటుంది. కాళ్ల పోలారిటీ తిరగబడితే డయోడ్ ద్వారా షార్ట్ అయి ఈసీయూ డ్రైవర్‌కు దెబ్బ తగులుతుంది.

మార్చడానికి ఇంకొకటి లేకపోతే ఇలా చేయండి. రిలే పీకండి. సాకెట్‌లో 30వ గుంటలో 12 వోల్టులు ఉండాలి. మోటారు కప్లర్ తిరిగి కలిపి, 87వ గుంటకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఓమ్స్ కొలవండి. మోటారు ద్వారా ఎర్త్ దాకా దారి బాగుంటే ఒకటి రెండు ఓములు వస్తాయి. అనంతం చూపిస్తే వైరు గానీ, మోటారు బ్రష్‌లు గానీ, ఎర్త్ గానీ తెగాయి. (పైన చెప్పిన ఎర్త్ వైపు రిలే ఉన్న బండికి ఈ కొలత వర్తించదు.)

తరువాత ఫ్యూజు ఉన్న జంపర్‌తో 30, 87 గుంటలు కలపండి. ఫ్యాన్ తిరగాలి. తిరిగితే పవర్ దారి మొత్తం బాగుంది. తప్పు రిలేలోనో దాన్ని నడిపే కంట్రోల్ వైపో ఉంది. ఈ జంపర్‌ను పొరపాటున కూడా 85, 86 గుంటలకు పెట్టొద్దు.

రిలే కాయిల్‌ను 85, 86 కాళ్ల మధ్య కొలిస్తే 12 వోల్టుల మామూలు రిలేలో సుమారు 70 నుంచి 100 ఓములు ఉంటుంది. అనంతమైతే కాయిల్ తెగింది. చాలా తక్కువైతే కాయిల్ షార్ట్. అలాంటి రిలేను పారేయండి. కాయిల్ బాగుండి 'టక్'మన్నంత మాత్రాన రిలే బాగున్నట్టు కాదు. కాంటాక్టు మీద మసి పట్టి ఉంటే శబ్దం వస్తుంది, కరెంటు పారదు. రిలే పనిచేస్తూ ఫ్యాన్ తిరుగుతుండగా 30, 87 మధ్య వోల్టేజ్ కొలిస్తే 0.2 దాటకూడదు.

కంట్రోల్ వైపు చూడాలంటే ఇగ్నిషన్ వేసి, రిలే పీకి, మీటర్ నల్ల తీగను బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర తీగను 86కు పెట్టండి. 12 వోల్టులు రావాలి. ఇప్పుడు ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్‌కు, నల్ల తీగను 85కు మార్చి ఫ్యాన్‌ను తిరగమని ఆదేశించండి. ఈసీయూ ఎర్త్ ఇస్తుంటే 12 వోల్టులు కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు 85, 86 వైర్లను తారుమారుగా వాడతాయి, అప్పుడు గుంటలు మార్చి చూడండి. ఈసీయూ వైర్ల మీద పెద్ద బల్బు టెస్ట్ ల్యాంప్ వాడకండి. మీటర్ గానీ ఎల్ఈడీ ల్యాంప్ గానీ మాత్రమే. 0.15 ఆంపియర్ల కోసం చేసిన డ్రైవర్ మీద 21 వాట్ల బల్బు పెడితే లేని లోపం తెచ్చుకున్నట్టే.

ఏడో మెట్టు: వోల్టేజ్ ఎక్కడ పోతోంది

ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే దీన్ని వదలొద్దు. ఇంజిన్ ఆన్‌లో, ఫ్యాన్ తిరుగుతూ, కప్లర్ కలిపే ఉండాలి. పిన్నును వెనక వైపు నుంచి సన్నటి సూదితో అందుకోండి. ముందు బ్యాటరీ మీద కొలవండి, 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. తరువాత ఎర్ర తీగ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల తీగ మోటారు పాజిటివ్ పిన్ను మీద. చూపించే అంకే దారిలో పోతున్న వోల్టేజ్. 0.5 లోపు ఉంటే సరే. ఎర్త్ వైపు అలాగే: ఎర్ర తీగ మోటారు ఎర్త్ పిన్ను మీద, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద. ఇక్కడ 0.2 దాటితే ఎర్త్ శుభ్రం చేయాలి.

అంకె ఎక్కువ వస్తే మీటర్ ఒక కొసను దారి వెంట జరుపుతూ రండి: ఫ్యూజు ముందు, ఫ్యూజు తరువాత, రిలే తరువాత, కప్లర్ దగ్గర. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా గెంతుతుందో లోపం అక్కడే. ఎర్త్ అయితే బోల్టు విప్పి, లగ్ కింద పెయింటూ తుప్పూ పోయి లోహం మెరిసే దాకా గీకి, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి.

ఎనిమిదో మెట్టు: మోటారు

కప్లర్ దగ్గర లోడు కింద నిండు వోల్టేజ్ వచ్చి కూడా మోటారు తిరగకపోతే, స్క్రూడ్రైవర్ పిడితో మోటారు డబ్బా మీద రెండు దెబ్బలు వేయండి, రెక్కలకు దూరంగా. అదిరి తిరగడం మొదలుపెడితే కార్బన్ బ్రష్‌లు అరిగి కమ్యూటేటర్‌కు (బ్రష్‌లు ఆనే, షాఫ్ట్‌తో తిరిగే రాగి రేకుల చుట్టు) అందడం లేదు. ఇవాళ తిరిగినా రేపు తిరగదు. దాన్ని నమ్మి దూర ప్రయాణం పెట్టుకోకండి.

బయటికి తీసిన మోటారును గట్టిగా పట్టి బిగించి, 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీకి నేరుగా కలిపి, క్లాంప్ మీటర్‌తో చూడండి. వోల్టేజ్ నిండుగా ఉన్నా నెమ్మదిగా తిరుగుతూ కరెంటు ఎక్కువ లాగుతుంటే బుష్ పట్టేసింది, లేదా ఆర్మేచర్ వైండింగ్ లోపల షార్ట్. నెమ్మదిగా తిరుగుతూ కరెంటు తక్కువ లాగుతుంటే బ్రష్‌లూ కమ్యూటేటరూ. ఈ ఒక్క తేడా తెలిస్తే మోటారు విప్పాలా, పారేయాలా అన్నది తేలిపోతుంది.

విప్పి బ్రష్‌లు మార్చగలిగిన మోటార్లు ఇంకా ఉన్నాయి. ఆటో ఎలక్ట్రీషియన్లు ఆ పని చేస్తారు. కమ్యూటేటర్ మీద మసిని సన్నటి మామూలు సాండ్‌పేపర్‌తో తుడవండి, ఎమెరీ పేపర్ వద్దు. దాని రేణువులు విద్యుత్ పారే రకమవడం వల్ల రేకుల మధ్య చేరి షార్ట్ చేస్తాయి. ఆర్మేచర్ రీవైండింగ్ మాత్రం ఈ మోటారుకు చేయించకండి. రేడియేటర్ వేడి పక్కన గంటల తరబడి తిరిగే దానికి బ్యాలెన్స్ తప్పితే షాఫ్ట్ ఊగి రెక్క రేడియేటర్‌ను కోసేస్తుంది.

కొత్తది బిగించాక కాగితపు ముక్కను బండి ముందు గ్రిల్ దగ్గర పెట్టండి. రేడియేటర్ వెనక ఉండే ఫ్యాన్ దాన్ని లోపలికి లాక్కోవాలి. బయటికి నెడితే వైర్లు తారుమారయ్యాయి. అలాగే వదిలేస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ వేడెక్కుతూనే ఉంటుంది.

తొమ్మిదో మెట్టు: సెన్సర్, ఈసీయూ

డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మొద్దు. చాలా బండ్లలో అది 80 డిగ్రీలకూ 100కూ మధ్య ఒకే చోట నిలబడేలా తయారుచేస్తారు. ఓబీడీ అడాప్టర్‌తో కూలెంట్ టెంపరేచర్ చదవండి. ఇంజిన్ రాత్రంతా ఆగి ఉంటే పొద్దున అది బయటి గాలికి దగ్గరగా ఉండాలి. స్టార్ట్ చేశాక గెంతులు లేకుండా నింపాదిగా ఎక్కాలి. చాలా బండ్లలో 95–100 మధ్య ఫ్యాన్ మొదలై, నాలుగైదు డిగ్రీలు తగ్గాక ఆగుతుంది. స్కానర్ –40 చూపిస్తే సెన్సర్ వైరు తెగింది. చల్లటి ఇంజిన్ మీదే 120 దాటి చూపిస్తే వైర్లు షార్ట్.

ఒక తేలిక పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ కప్లర్ పీకండి. చాలా ఈసీయూలు సెన్సర్ పోయిందని గ్రహించి, ఇంజిన్‌ను కాపాడటానికి ఫ్యాన్‌ను నిరంతరం తిప్పుతాయి. అలా తిరిగితే ఈసీయూ, రిలే, మోటారు బాగున్నాయి. తప్పు సెన్సర్‌దో కూలెంట్‌దో. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, తరువాత ఈసీయూలో నమోదైన లోపం కోడ్ చెరిపేయండి.

సెన్సర్ నిరోధం వేడి పెరిగే కొద్దీ తగ్గుతుంది. విరివిగా వాడే ఒక రకానికి 20 డిగ్రీల దగ్గర 2,500 ఓములు, 40 దగ్గర సుమారు 1,170, 80 దగ్గర 320, 100 దగ్గర 190 లోపు ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో అంకెలు కొంచెం వేరుగా ఉండొచ్చు. గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పక్కన పెట్టి కొలిస్తే చాలు.

సెన్సర్ మంచిదైనా అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది. కూలెంట్ తగ్గిపోయో, గాలి పట్టేసో సెన్సర్ కొస నీటిలో మునగకపోతే, ఇంజిన్ మరుగుతున్నా అది తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకోకపోతే వేడి కూలెంట్ రేడియేటర్‌కు చేరదు. అందుకే రేడియేటర్‌లో థర్మో స్విచ్ ఉన్న పాత బండిలో ఫ్యాన్ రాదు.

కోడ్ల సంగతి: పీ 0480 మొదటి ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్, పీ 0481 రెండోది, పీ 0117 సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువ, పీ 0118 మరీ ఎక్కువ. 0480 వచ్చిందంటే ఫ్యాన్ మోటారు పోయిందని అర్థం కాదు. ఈసీయూ చూడగలిగేది చాలా బండ్లలో రిలే కాయిల్ వైరును మాత్రమే. మోటారు పూర్తిగా కాలిపోయినా ఏ కోడూ రాకపోవచ్చు.

స్కానర్‌లో ఫ్యాన్ కమాండ్ 'ఆన్' అని ఉండి కూడా 85 దగ్గర ఎర్త్ రాకపోతే, ఈసీయూ పిన్ను నుంచి రిలే దాకా వైరు చూడండి. ఆ వైరు, ఈసీయూ సొంత ఎర్త్‌లు బాగున్నాయని తేలాకే ఈసీయూ మీద చేయి వేయండి. ఈ దారిలో చివరగా అనుమానించవలసిన భాగం అదే.

రెండు స్పీడులు, మాడ్యూళ్లు

తక్కువ స్పీడుకు మోటారుతో వరుసగా ఒక రెసిస్టర్ పెడతారు, సాధారణంగా ఫ్యాన్ కవరు మీదే. అది కాలిపోతే తక్కువ స్పీడు రాదు, ఎక్కువ స్పీడు వస్తుంది. టెంపరేచర్ 100 దాటే దాకా నిశ్శబ్దం, ఆ తరువాత ఒక్కసారిగా హోరు: ఇది వినగానే రెసిస్టర్ చూడండి. దాని విలువ ఒక ఓమ్ లోపే కాబట్టి ముందు మీటర్ తీగలు రెండూ కలిపి వచ్చే అంకెను తీసివేయండి. రెండు ఫ్యాన్లున్న బండ్లలో కొన్ని రెసిస్టర్ లేకుండా, తక్కువ స్పీడుకు రెండు మోటార్లనూ సిరీస్‌లో కలుపుతాయి. అక్కడ ఒక మోటారు తెగితే తక్కువ స్పీడులో రెండూ ఆగుతాయి.

ఫ్యాన్‌కు రెండు లావు వైర్లతో పాటు సన్నటి వైరు ఉంటే అది మాడ్యూల్ రకం. ఈసీయూ సన్నటి వైరు మీద పల్సులు పంపి వేగం చెబుతుంది. అటువంటి ఫ్యాన్‌కు నేరుగా బ్యాటరీ ఇచ్చి పరీక్షించొద్దు. లావు వైర్లలో లోడు కింద వోల్టేజ్, సన్నటి వైరు మీద డ్యూటీ శాతం (ఒక్కో పల్సులో ఎంతసేపు ఆన్‌లో ఉందో చెప్పే అంకె) చూడండి. స్కానర్‌లో యాక్టివ్ టెస్ట్‌తో వేగం మార్చినప్పుడు ఆ శాతం కూడా మారాలి. మూడూ సరిగ్గా ఉండి తిరగకపోతే మాడ్యూల్‌తో సహా ఫ్యాన్ మార్చడమే.

ఆగకుండా తిరుగుతుంటే

ఇంజిన్ ఆపాక కాసేపు తిరగడం కొన్ని బండ్లలో మామూలే. గంటల తరబడి తిరిగి బ్యాటరీ తినేస్తుంటే రిలే పీకండి. పీకినా ఆగకపోతే వైరు ఎక్కడో నేరుగా కలిసింది, లేదా ఎవరో పెట్టిన డైరెక్ట్ స్విచ్ ఉంది. పీకితే ఆగి, కొత్త రిలే వేస్తే మామూలుగా నడిస్తే పాత దానిలో కాంటాక్టు అతుక్కుపోయింది. ఎక్కువ కరెంటు లాగే మోటారు వల్ల అతుక్కుంటుంది కాబట్టి మోటారు కరెంటు కొలవకుండా వదిలితే కొత్త రిలే కూడా అదే దారిన పోతుంది. ఇగ్నిషన్ ఉన్నంతసేపే తిరుగుతుంటే సెన్సర్ తెగిపోవడం, ఏసీ ప్రెషర్ సెన్సర్ తప్పుడు సిగ్నల్, 85 వైరు బాడీకి తగలడం చూడండి.

బాగుచేశాక

వైరు అతికితే మెలిపెట్టి టేపు చుట్టొద్దు. క్రింప్ చేసి గానీ సోల్డర్ చేసి గానీ, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేయండి. కరిగిన కప్లర్‌ను రుద్ది వాడొద్దు. రెండు వైపులా పిన్నులతో సహా మార్చాలి. ఒక వైపే మార్చితే పాత పిన్ను కొత్తదాన్ని కూడా కాల్చేస్తుంది.

చల్లటి ఇంజిన్‌ను ఏసీ లేకుండా ఐడిల్‌లో వదిలి, ఫోన్‌లో టెంపరేచర్ చూస్తూ ఫ్యాన్ కనీసం మూడుసార్లు వచ్చి ఆగేదాకా ఉండండి. వచ్చి కూడా వేడి దించలేకపోతే రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు చూడాలి. తరువాత ఏసీ వేసి పదిహేను నిమిషాలు నడపండి. బండి ఆపి, ఫ్యాన్ కప్లర్ పీకే ముందు దాన్ని వేళ్లతో పట్టుకోండి. పక్కనున్న ప్లాస్టిక్ కంటే అది బాగా వేడిగా ఉంటే ఆ అతుకు ఇంకా సరికాలేదు. ఏడో మెట్టు కొలత మళ్లీ తీయండి.